ముందే బయల్దేరిన బూట్లు

మే 2, శనివారం

రెండు మోకాళ్లూ మార్చాల్సిందేనట. డాక్టర్ ఎక్స్‌రే చూపించి, ఎముకకీ ఎముకకీ మధ్య చోటెక్కడుందో చెప్పమని నన్నే అడిగాడు. చోటు లేదు. తారీఖు కూడా రాసిచ్చాడు. జూన్ 9.

ఇంటికొచ్చి బాల్కనీలో కూర్చున్నాను. ఐదో అంతస్తు. తొమ్మిదేళ్లుగా ఇక్కణ్నుంచి గండిపేట చెరువును చూస్తున్నాను. మే వచ్చేసరికి నీళ్లు వెనక్కి పోయి పగుళ్లిచ్చిన నేల బయటపడుతుంది. అటు నీళ్లు, ఇటు ఎడారి. ఆ మధ్య ఎవరో ఒక వీడియో పంపారు. ఏదో దేశంలో ఎడారి మధ్య సరస్సు, దాని పక్కనే రోజంతా నడిచే ట్రెయిల్. జనం విమానాలెక్కి వెళ్తున్నారు. నేను లిఫ్ట్ దిగితే చాలు.

ఆపరేషన్‌లోపు ఒక్కసారి నడవాలి. పుట్టినప్పటి మోకాళ్లతో. మా వెనక గేటు నుంచి పడమరగా ఎంకపల్లి దాకా, చెరువు నేల మీద ఆరున్నర కిలోమీటర్లు. తెల్లారకముందే బయల్దేరి, ఆగి ఆగి, ఎండెక్కాక ఎక్కడో నీడన పడుకుని, సాయంత్రానికి చేరినా చాలు. 1997లో తణుకు నుంచి వచ్చినప్పటి నుంచీ నేను నడిచిన ప్రతి నడకకీ ఒక పని ఉంది. బస్‌స్టాప్, మా అమ్మాయి సిరి స్కూలు, పాల ప్యాకెట్, ఆఫీస్ క్యాంటీన్. పని లేని నడక ఒక్కటి కావాలి. వానలొస్తే ఆ నేల మళ్లీ నీళ్ల కిందికి పోతుంది. అందుకని ఇప్పుడే.

మత్తు ఇచ్చాక లేవనేమో అన్న భయం కూడా ఉంది. ఇది ఇక్కడ తప్ప ఎక్కడా రాయను.

మే 3, ఆదివారం

మా ఆయన తాతారావు గారికి చెప్పాను. ఆయన పేపర్ మడిచి, ఎవరెవరు వెళ్తున్నారని అడిగారు. ఎవరూ లేరు, నేనొక్కదాన్నే అన్నాను. యాభై తొమ్మిదేళ్ల మనిషి చెరువులోకి ఒంటరిగా వెళ్తే చూసినవాళ్లు ఏమనుకుంటారని అడిగారు. నడుస్తోందనుకుంటారు అన్నాను. మళ్లీ పేపర్ తెరిచారు.

తర్వాత చేసిన తప్పు, సిరికి ఫోన్లో చెప్పడం.

మే 6, బుధవారం

నా కూతురు షీట్ పంపింది. ఐదు ట్యాబులు. రూట్, హైడ్రేషన్, మెడికల్, కాంటాక్ట్స్, రిస్క్ రిజిస్టర్. అందులో నా పేరు ఒకే చోట ఉంది, "హై రిస్క్" అన్న గడిలో.

ఇరవై నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాను. ఇలాంటి షీట్లు వందల్లో చూశాను. ఎవరికీ ఇష్టం లేని పనికే ఇంత అందమైన షీట్ తయారవుతుంది. రిటైరయ్యాక వీటి పీడ వదిలిందనుకున్నాను. ఇప్పుడు నా సొంత కాళ్లకే షీట్.

పాపం, దాని భయం దానిది. డాక్టర్ మాట దానికీ తెలుసు. కానీ నన్ను అడగడం మానేసి నా గురించి గడులు నింపుతుంటే ఒళ్లు మండుతోంది. "మెడికల్" ట్యాబు కింద కామెంట్ పెట్టాను: అమ్మకి నోరు కూడా ఉంది. రిజాల్వ్డ్ అని నొక్కి కామెంట్‌నే మాయం చేసింది.

మే 9, శనివారం

ఆయన లిఫ్ట్‌లో సాయి చరణ్‌కి చెప్పేశారు. సాయి చరణ్ మూడో అంతస్తు, మా కమ్యూనిటీ వాకర్స్ గ్రూపుకి అడ్మిన్. ఏ చిన్న విషయమైనా అతనికి ఈవెంట్ లాగే కనిపిస్తుంది.

సాయంత్రానికల్లా గ్రూపులో పోల్. "గండిపేట డెజర్ట్ ట్రెక్, మే 17 ఆదివారం." ముప్పై నాలుగు మంది ఎస్ కొట్టారు. టీషర్ట్ రంగు మీద ఇంకో పోల్. ఇడ్లీనా ఉప్మానా అని మూడోది. వీళ్లలో సగం మంది మా బ్లాకు నుంచి క్లబ్‌హౌస్‌కి కూడా కార్లో వెళ్తారు.

ఇది నా నడక అని మెసేజ్ టైప్ చేసి చెరిపేశాను. మళ్లీ టైప్ చేసి మళ్లీ చెరిపేశాను. చివరికి ఒక నమస్కారం ఎమోజీ పెట్టాను. నా మీద నాకే కోపంగా ఉంది.

మే 10, ఆదివారం

టీషర్ట్ రంగు ఇసుక పసుపు. నా సైజు డబుల్ ఎక్స్ఎల్ అని ఎవరు రాశారో తెలియదు.

మే 12, మంగళవారం

ఈ రోజు నా పరువు నా వంటింట్లోనే పోయింది.

అరుణమ్మ మా ఇంట్లో ఆరేళ్లుగా వంట చేస్తోంది. ఊరు ఎంకపల్లి. పొద్దున ఆరున్నరకి వస్తుంది. డైనింగ్ టేబుల్ మీద శాటిలైట్ మ్యాప్ ప్రింటవుట్లు నాలుగు అతికించి, ఏ ఫామ్‌హౌస్ గోడ ఎంతవరకు వచ్చిందో స్కెచ్ పెన్నుతో గీస్తున్నాను. పదకొండో రోజు ఇది. గోడ అడ్డొచ్చిన చోట చుట్టూ తిరిగితే దూరం ఎనిమిది కిలోమీటర్లు దాటుతోంది. విసుగొచ్చి పెన్ను విసిరేశాను.

పప్పు పోపు పెడుతున్న అరుణమ్మ వచ్చి చూసి, ఎక్కడికి పోవాలని అడిగింది. మీ ఊరికే అన్నాను. అప్పుడంది.

"గింత దానికి గంత ఫికర్ ఎందుకమ్మా? ఆటో దొరకని దినం నేను చెరువులకెల్లే నడ్సుకుంట వస్త కదా."

ఎండాకాలం రెండు నెలలూ అంతేనట. గోడలకి ఇవతల, నీళ్లకి అవతల, బర్రెలు నడిచిన బాట ఒకటి ఉందట. గంటన్నర. రబ్బరు చెప్పులతో. వచ్చి టిఫిన్ చేసి పెడుతుంది. నేను ఆ టిఫిన్ తిని ఆ బాట కోసమే మ్యాపులు గీస్తున్నాను.

తను రోజూ ఎలా వస్తోందో ఆరేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు.

ప్రింటవుట్లు చింపేశాను. ఆదివారం నాతో నడుస్తావా అని అడిగాను. సరేనంది. ఆ గుంపు మాత్రం రావద్దంది, గడ్డి తొక్కుతారట. ఆమె భర్త సత్తయ్య నీళ్లు తగ్గిన చోట బర్రెల కోసం గడ్డి వేశాడు. అతని గుడిసె నీడ కూడా దారిలోనే ఉంది. పదకొండు రోజుల ప్లానింగ్ రెండు నిమిషాల్లో అయిపోయింది.

మే 13, బుధవారం

అయిపోయిందనుకున్నాను. ఆయన పంచాంగం తీశారు.

ఆదివారం పడమరకి వారశూల. ఆ దిక్కుకి ప్రయాణం పనికిరాదు. శుక్రవారమూ అంతే. పోనీ శనివారం వెళ్తానన్నాను. శనివారం అమావాస్య. మర్నాడు ఆదివారం నుంచే అధిక జ్యేష్ఠమాసం, కొత్త పనేదీ మొదలుపెట్టకూడదు. ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపిస్తున్నారు. ముప్పై ఐదేళ్లు బ్యాంకులో పని చేసిన మనిషి. ఏ కాగితంలోనైనా ఆయనకి ముందు కనబడేది అడ్డంకే.

జూన్ 9న ఆపరేషన్ కూడా అధికమాసంలోనే కదా అన్నాను. అది అడిగారట పంతులు గారిని. వైద్యానికి దోషం లేదట. అంటే మోకాళ్లు కోయించుకోవచ్చు, వాటితో నడవకూడదు.

చాలా గట్టిగా అరిచాను. కుక్కర్ విజిల్ కూడా వినపడనంత.

గంట తర్వాత ఆయనే వచ్చారు. ఒక దారి ఉందన్నారు. ప్రస్థానం పెట్టడం. వాళ్లమ్మ చేసేదట. వెళ్లాల్సిన రోజు మంచిది కాకపోతే, ముందే మంచి ఘడియ చూసి మనం వాడే వస్తువొకటి ఆ దిక్కున ఎవరింట్లోనైనా పెట్టి రావాలి. ఆ ఘడియలోనే మనిషి బయల్దేరినట్టు లెక్క. తర్వాత ఐదు రోజుల్లో ఏ రోజు వెళ్లినా ఫర్వాలేదు. వాళ్ల నాన్న గొడుగు రెండు రోజులు పక్కింటి వసారాలో ఉండి ఆ తర్వాత రాజమండ్రి వెళ్లేదట. ఒకటే షరతు. వెళ్లిన వస్తువు వెనక్కి రాకూడదు.

రేపు గురువారం, పడమరకి మంచిది. సాయంత్రం నాలుగు పది నుంచి నాలుగు నలభై. అరుణమ్మ ఇంటికి వెళ్లే వేళ. ఆయన మొహంలో ఎంత సంబరమో. నవ్వకుండా ఉండడానికి కష్టపడ్డాను.

మే 14, గురువారం, సాయంత్రం 5

వెళ్లింది.

ఏ వస్తువన్న దగ్గర గొడవ. ఆయన నా పట్టుచీర అన్నారు. నేను నా కొత్త వాకింగ్ బూట్లన్నాను. పాదరక్షలు ప్రస్థానంలో పెట్టరట. నడవడానికి వెళ్తున్నది చీరా, నేనా? నాలుగు ఇరవై. నాలుగు ముప్పై. అరుణమ్మ చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి మమ్మల్ని చూస్తోంది. కింద ఆటో హారన్ కొడుతోంది. నాలుగు ముప్పై ఆరుకి ఆయన ఓడిపోయారు. తువ్వాలులో అక్షింతలు కట్టి, బూట్లకి తగలకుండా ఒక సంచి పై జేబులో పెట్టారు. బూట్లు, టోపీ, మోకాళ్లకి వేసుకునే బెల్టులు, అన్నీ అందులోనే సర్దాను.

నాలుగు ముప్పై ఎనిమిదికి లిఫ్ట్ తలుపు మూసుకుంది. ఆయన వాచీ చూసుకుని, నేను బయల్దేరినట్టే అన్నారు. సోఫాలో కూర్చుని టీ తాగుతూ బయల్దేరాను.

మే 15, శుక్రవారం, ఉదయం

బూట్లు వెళ్లింది ఎంకపల్లికి. నేను నడవాల్సింది ఎంకపల్లికి. వేసుకుని నడవాల్సినవి ఆ బూట్లే.

ఇరవై నాలుగేళ్లు ఇతరుల తప్పులు పట్టి జీతం తీసుకున్నాను.

అరుణమ్మకి ఈ సంగతి నాకన్నా ముందే తట్టిందట. పొద్దున సంచి పట్టుకుని వచ్చింది. ఆయన లిఫ్ట్ దగ్గరే ఎదురెళ్లి ఆపేశారు. గడప తొక్కితే ప్రయాణం భంగమైనట్టేనట. ఆ సంచిని కింద సెక్యూరిటీ గదిలో ఉంచారు, సాయంత్రం మళ్లీ ఎంకపల్లి పంపుతారట. అపార్ట్‌మెంట్ గేటు లోపలికి వచ్చినా ఇంట్లోకి రాలేదు కాబట్టి దోషం లేదట. ఈ సందు ఏ పంచాంగంలో ఉందో నేను అడగలేదు.

మే 15, మధ్యాహ్నం 3

ఆస్పత్రి నుంచి ఫోన్. డాక్టర్ జూన్‌లో సెలవు పెడుతున్నాడు. ఆపరేషన్ మే 20కి జరిపారు. అడగలేదు, చెప్పారు. సోమవారం చెకప్‌లు, మంగళవారం అడ్మిషన్.

సిరి అప్పుడే ఫోన్ చేసి ట్రెక్ క్యాన్సిల్ అంది. షీట్‌లో నడక మొత్తానికి ఎర్ర రంగు వేసేసింది. ఆపరేషన్‌కి మూడు రోజుల ముందు పడితే ఏమవుతుందో తెలుసా అని అడిగింది. మళ్లీ మళ్లీ అదే అడిగింది. తిట్టే ఉంటే బాగుండేది, ఎదురు మాట్లాడేదాన్ని.

మే 16, శనివారం

రాత్రి గాలివాన. క్లబ్‌హౌస్ ముందు షామియానా ఎగిరిపోయింది. అంతే, సాయి చరణ్ ట్రెక్‌ని జులైకి వాయిదా వేశాడు. జులైలో అక్కడ చేపలుంటాయి నాయనా, దారి ఉండదు అని రాశాను. నవ్వే బొమ్మలు పదకొండు వచ్చాయి. రేపు ట్రెక్‌కి బదులు మొయినాబాద్ రిసార్టులో లేక్ వ్యూ బ్రంచ్. టీషర్టులు మాత్రం వేసుకుని రావాలట.

సాయంత్రం సిరి వచ్చింది. రేపు నన్ను కాపలా కాయడానికి. హాల్లో మేం ముగ్గురం. వాదించే ఓపిక నాకు లేదు. ఏడుపొచ్చింది, ఏడ్చాను. పని లేని నడక ఒక్కటి అడిగానే అన్నాను. తర్వాత ఎంత నడిచినా అవి కొన్న మోకాళ్లు అన్నాను. పిచ్చిగా ఉందని నాకే తెలుస్తోంది, అయినా ఆపుకోలేకపోయాను.

అప్పుడు ఆయన మాట్లాడారు. ఇన్ని రోజులూ నాకు అడ్డం పడిన మనిషి.

"బయల్దేరిన మనిషిని ఆపకూడదు సిరీ. మీ అమ్మ గురువారమే బయల్దేరింది."

సిరి నాన్నని వింతగా చూసింది. బూట్ల సంచి కథంతా చెప్పారు. ప్రస్థానం పెట్టి వెళ్లకపోతే కీడు అని, ఆ కీడు మోస్తూ ఆపరేషన్ బల్ల ఎక్కనివ్వనని అన్నారు. నిజంగా నమ్మే అన్నారో, నా కోసం అన్నారో ముప్పై నాలుగేళ్ల కాపురం తర్వాత కూడా నాకు తెలియలేదు. సిరి లేచి నా పాత వెల్‌క్రో చెప్పులు వెతికి, పట్టీలు లాగి చూసి, గుమ్మం దగ్గర పెట్టింది.

మే 17, ఆదివారం, ఉదయం 4:50

అరుణమ్మ వెనక గేటు దగ్గర ఉంది. నన్ను తీసుకెళ్లడానికి చీకట్లోనే ఆ దారంతా నడిచి వచ్చింది. నా ఒక్క నడకకి ఆమెవి రెండు. ఇది ముందుగా నాకు తట్టలేదు. వెళ్తున్నాను.

మే 17, సాయంత్రం

చేరలేదు.

ముందు బాగున్నదే రాస్తాను. మొన్న రాత్రి వానకి నేల పైన పల్చగా మెత్తబడింది, అడుగు పెడితే పెంకు విరిగినట్టు చిన్న చప్పుడు. నత్త గుల్లలు. కుడిపక్క నీళ్లు, అంత పొద్దున్నే రంగు లేకుండా. ఎడమన ఫామ్‌హౌస్ గోడలు, వాటి మీద గాజు పెంకులు. మధ్యలో బర్రెల బాట. అరుణమ్మ ముందు నడుస్తూ, నేను ఆగినప్పుడల్లా తనకీ ఏదో పని ఉన్నట్టు ఆగేది. ఓసారి కొంగు సర్దుకునేది, ఓసారి పుల్ల విరిచేది. నా కోసం ఆగినట్టు ఒక్కసారీ కనిపించనివ్వలేదు. వెనక్కి చూస్తే మా ఐదో అంతస్తు బాల్కనీలో తెల్ల బట్టల్లో మనిషి ఒకరు. చాలా దూరం వరకు ఉన్నారు.

పని లేని నడక ఎలా ఉంటుందో తెలిసింది. ఏమీ ఉండదు. అదే బాగుంది.

మూడో కిలోమీటరు నుంచి ఎడమ మోకాలు. నాలుగు దాటాక రెండూ. ఏడున్నరకి సత్తయ్య గడ్డి మడి దగ్గర కూలబడ్డాను. గుడిసెలో పడుకున్నాను. తొమ్మిదికి లేచి మళ్లీ నడిచాను. రెండు వందల అడుగులు లెక్కపెట్టాను. తర్వాత మోకాలు మడత పడనంది. ఎంకపల్లి నీళ్ల ట్యాంకు కనబడుతోంది. దాని మీద రాసిన అక్షరాలు కూడా కనబడుతున్నాయి. ఆ కిందెక్కడో నా బూట్లున్నాయి. ఒకటిన్నర కిలోమీటరు. నేల మీద కూర్చుని నా కాళ్లని నేనే తిట్టాను, వినలేని తిట్లు. అరుణమ్మ అటు తిరిగి నిలబడింది.

సత్తయ్య మోపెడ్ తెచ్చాడు. ఐదు నిమిషాల్లో ఊళ్లో దింపుతానన్నాడు. వద్దన్నాను. బండి మీద వెళ్లి ముట్టుకుంటే అది చేరడం కాదు. ఇంటికి తీసుకెళ్లమన్నాను. అరుణమ్మకి బహుశా కోపమొచ్చింది, ఇంత దూరం వచ్చి ఇల్లు కూడా చూడకుండా పోతున్నానని. సత్తయ్య మాత్రం బండి తిప్పాడు. ఎక్కేముందు ఎడారిని మళ్లీ చూశాను. వచ్చే నెల ఇదంతా నీళ్లే కదా అన్నాను అరుణమ్మతో.

"ఫికర్ చెయ్యకమ్మా. వానలు పడితే నీళ్లు గీడిదాంక వస్తయి. మల్ల ఎండకాలం ఎనక్కి పోతయి. దారి యాడికి పోదు."

ఇంటికొచ్చాక సిరి ఐస్ పెట్టింది. ఆ ఇసుక పసుపు టీషర్టు తెచ్చి ఐస్ ప్యాక్‌కి చుట్టింది.

మే 18, సోమవారం

చెకప్‌లో వాపు చూసి డాక్టర్ చెడామడా తిట్టాడు. ఎటూ కోసి పారేసేవే కదా అన్నాను. నవ్వలేదు. ఆపరేషన్ మాత్రం అనుకున్న రోజే.

మే 19, మంగళవారం

ఆస్పత్రి సంచి సర్దుకున్నాం. మధ్యాహ్నం అడ్మిషన్.

ఈ రోజుతో ఐదు రోజులు అయిపోయాయి. ఆయన రెండు రోజులుగా పంచాంగాలు తిరగేస్తున్నారు. పాతవి కూడా అటక మీద నుంచి దింపారు. చేరని ప్రస్థానానికి ఏం చెయ్యాలో ఎక్కడా దొరకడం లేదని నాకు తెలుసు. అడగలేదు. నాకు చిరాకుగానే ఉంది, బూట్ల మీద, కాళ్ల మీద, ఆ నీళ్ల ట్యాంకు మీద. ఇంకో గంటన్నర ఓర్చుకుంటే సరిపోయేది.

పదకొండింటికి బాల్కనీలో ఆయన ఫోన్ మాట్లాడుతుంటే వినపడింది. అవతల అరుణమ్మ, ఇవాళ వంటకి రాలేదు. సంచి అక్కడే ఉంచమంటున్నారు. ఎవరు అడిగినా ఇవ్వొద్దని, అటక మీద ఎలకలు కొట్టకుండా చూడమని.

లోపలికి వచ్చాక, ఐదు రోజుల నియమం ఏమైందని అడిగాను. కళ్లజోడు తుడుచుకున్నారు.

"ఐదు రోజుల్లో బయల్దేరాలి రాజ్యం. బయల్దేరావు. దారిలో ఎన్నాళ్లుండాలో ఎవరూ రాయలేదు."

మే 24, ఆదివారం, ఆస్పత్రి

వాకర్ పట్టుకుని ఇవాళ గది దాటాను. కారిడార్ మధ్యలో ఫిజియో అమ్మాయి ప్రేమజ్యోతి, ఏ వైపు వెళ్దామని అడిగింది. పడమర ఎటో చూపించమన్నాను. ఫోన్లో చూసి చెప్పింది.

తొమ్మిది అడుగులు.

ఆదివారమే, పడమరకి వారశూలే. నేను ముందే బయల్దేరాను.